రెండు కథలు అచ్చయ్యాయి, ఒకదాని చివర నేను రాయని వాక్యాలున్నాయి

#1 తుంగభద్ర_ఒడ్డు
ఈ నెలలో నావి రెండు కథలు వచ్చాయి. సైన్స్ ఫిక్షన్ కథ ‘తిరుగు పిలుపు’ ఒక వెబ్ పత్రికలో, హారర్ కథ ‘కడప’ ఒక వారపత్రికలో. కడప అంటే ఊరు కాదు, మా కర్నూలు వైపు ఇంటి గడపని అలాగే అంటాం. పదకొండేళ్ల నుంచి రాస్తున్నా ఒకే నెలలో రెండు పడటం ఇదే మొదటిసారి. పత్రిక చేతికొచ్చిన రోజు బ్యాంకులో లంచ్ టైములో అందరికీ చూపించాను.

ఇంటికెళ్లి చదువుకుంటే చివర్లో గుండె జారిపోయింది.

‘కడప’ కథ చిన్నదే. శ్రీశైలం డ్యాం కట్టాక నీళ్లలో మునిగిన ఊరు. ఏటా ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాక ఒక ముసలామె ఇత్తడి చెంబు, పసుపు పొట్లం పట్టుకుని తన పాత ఇంటికి వెళ్తుంది. మిద్దె ఎప్పుడో కూలిపోయింది, కడప రాయి ఒక్కటే మిగిలింది. బురద గీకి, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కాసేపు కూర్చుని వచ్చేస్తుంది. ఈ ఏడాది నేల బయటపడిన మొదటి రోజే వెళ్తుంది. చుట్టూ పిక్కల్లోతు బురద. ఒక్క అడుగు జాడ లేదు. కడప మాత్రం కడిగి ఉంటుంది. పసుపు ఇంకా తడిగా ఉంటుంది.

నా ఆఖరి వాక్యం: “ముసలామె చెంబు కింద పెట్టి, లోపలికి చూసింది.”

అచ్చులో దాని కింద ఇంకో మూడు వాక్యాలున్నాయి: “ఉలిక్కిపడి లేచింది. అంతా కల! ఎదురుగా మనవరాలు కాఫీ గ్లాసుతో నవ్వుతూ నిలబడి ఉంది.”

ఇవి నావి కావు. ముందు నాతో ఒక్క మాటైనా అనలేదు. సంపాదకులకు రాయాలా, ఊరుకోవాలా? రాస్తే మళ్లీ నా కథ వేసుకోరేమోనని భయం. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

#2 అర్ధరాత్రి_చదువరి
రెండు కథలకీ అభినందనలు అక్కా. ఆ మనవరాలు కథలో అంతకు ముందు ఎక్కడైనా కనిపిస్తుందా?

#3 తుంగభద్ర_ఒడ్డు
లేదు. ఆమెకు పిల్లలే లేరు. రెండో పేరాలోనే ఆ మాట ఉంది.

#4 డల్లాస్_దమయంతి
పిల్లలు లేని ఆవిడకి కాఫీ గ్లాసుతో మనవరాలు ప్రత్యక్షమైందంటే అదే పెద్ద హారర్ కదండీ!

#5 సిరామరక
నవ్వొచ్చినా మనసుకి కష్టంగా ఉందమ్మా. నాకూ ఇలాగే జరిగింది, చాలా ఏళ్ల క్రితం. పాడుబడిన రైల్వే క్వార్టర్స్‌లో అర్ధరాత్రి గంట మోగే కథ రాశాను. గంట ఎవరు కొట్టారో చెప్పలేదు. అచ్చయ్యాక చూస్తే, గంట కొట్టింది ఒక దొంగట, పోలీసులు వచ్చి పట్టుకుపోయారట. నేను పుట్టించని దొంగని నా పేరు కింద అచ్చేశారు. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆ కథ ఎత్తితే మాట మారుస్తాను.

నువ్వు ఊరుకోవద్దు. తిట్టకుండా, నాలుగు వాక్యాల్లో ఉత్తరం రాయి. నీ అసలు ముగింపుని పాఠకుల ఉత్తరాల పేజీలో వెయ్యమని అడుగు. క్షమాపణ అడగొద్దు, ముగింపు అడుగు.

#6 కోఠి_ఫుట్‌పాత్
సిరామరక గారూ, ఆ కథ ఏ సంవత్సరంలో వచ్చింది? నా దగ్గర పాత వారపత్రికల కట్టలున్నాయి. ఆదివారం కోఠిలో కిలోల లెక్కన కొన్నవే. దొరికితే దొంగను తీసేసి చదువుకుంటాను.

#7 సిరామరక
అది దొరక్కుండా ఉంటేనే నాకు మంచిది నాయనా.

#8 ప్రూఫు_పురుగు
ఒక వారపత్రిక డెస్కులో పద్నాలుగేళ్లు పనిచేశాను. అది ఇప్పుడు లేదు. ఇలాంటి వాక్యాలు రాసింది నాలాంటివాళ్లమే కాబట్టి అటు వైపు సంగతి చెప్తాను.

మొదటి కారణం పేజీ. కథ మూడు పేజీలకి సరిపోవాలి. రెండంగుళాలు మిగిలితే బొమ్మ పెంచుతాం, అది కుదరకపోతే రెండు లైన్లు పెంచుతాం. దీని వెనక దురుద్దేశం ఉండదు, కానీ పని మాత్రం తప్పే. రెండో కారణం ఉత్తరాలు. దెయ్యం కథ వేస్తే మూఢనమ్మకాలు పెంచుతున్నారని ఒక కట్ట ఉత్తరాలొస్తాయి. 80ల్లో వారపత్రికల్లో చేతబడి సీరియళ్లు ఊపేసినప్పుడు ‘క్షుద్ర సాహిత్యం’ అని పేరు పెట్టి ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. సర్క్యులేషన్ పెరిగిందీ వాటి వల్లే, మాట పడిందీ వాటి వల్లే. ఆ తర్వాత డెస్కుల్లో రాయని రూలు ఒకటి వచ్చింది: దెయ్యం కథయితే చివర్లో కల అనో, మోసం అనో, మానసిక వ్యాధి అనో తేల్చెయ్. మా చేతికి అది అలవాటైపోయింది. ‘లేచింది, అంతా కల’ అని నేనే కనీసం పది కథలకి తగిలించి ఉంటాను. ఆ పదిమందీ ఎవరో ఇప్పుడు గుర్తు లేరు. క్షమించమని అడగడానికి కూడా లేదు.

#9 తుంగభద్ర_ఒడ్డు
ఇంత నిజాయితీగా చెప్పినందుకు మీ మీద గౌరవం పెరిగింది. అయినా ఒక్క ప్రశ్న. కల అని తేల్చేస్తే మూఢనమ్మకం పోతుందా? కథ మాత్రం ఖాయంగా పోతుంది.

#10 మంజీర_గట్టు
నేను జర ఎదురు చెప్త. కోపం చేసుకోకుండ్రి.

మాది మెదక్ దిక్కు. బాణామతి అన్న మాట మా దగ్గర కథల మాట గాదు. నా చిన్నప్పుడు మా వాడకట్టుల ఒక ముసలామెను మంత్రాలు చేస్తుందని చెట్టుకు కట్టేసిన్రు. ఎవరిదో బర్రె సచ్చింది, ఇంకెవరి పిల్లకో జరమొచ్చింది, అంతే కారణం. మా నాయిన, ఇంకిద్దరు సార్లు పోయి ఇడిపించిన్రు. ఆమె మళ్ల మనిషి గాలేదు. కొడుకింటికి పోయింది, ఆడ్నే కాలం చేసింది. అందుకే దెయ్యం కథ చూస్తె నా చేతులు సల్లవడ్తయ్. డెస్కుల కూసున్నోళ్ల భయం ఉత్తదేం గాదు.

#11 తుంగభద్ర_ఒడ్డు
కోపమెందుకన్నా. మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను.

రాసేటప్పుడు నాకు నేను పెట్టుకున్న గీత ఒకటుంది. బతికున్న మనిషి వైపు వేలు చూపించే భయం రాయను. ఫలానా ఆమె చేసింది, ఫలానా కులం వాళ్లు చేశారు, ఫలానా రాత్రి పూజ చేశారు అనే కథలు మనుషుల్ని చెట్టుకి కట్టేయిస్తాయి. నా ‘కడప’లో ఎవరి మీదా నింద లేదు. ఊరు మునిగింది, మనుషులు చెదిరిపోయారు, కడపకి ఎవరో పసుపు రాశారు. ఈ భయంలో దుఃఖమే ఎక్కువ. ‘కల’ అని రాసినాయన ఆ రెంటికీ తేడా చూడలేదు.

#12 మంజీర_గట్టు
గట్ల చెప్తె ఒప్పుకుంట. ఎవల మీదనన్న పడే కథ వేరు, ఎవల కోసమన్న ఏడ్సే కథ వేరు. నీ కథ మొత్తం నాకు పంపు, కల లేకుండ.

#13 అర్ధరాత్రి_చదువరి
నాకూ. నాకూ.

#14 బ్యాలాలు_గాలి
అందరూ ‘కడప’ మీదే ఉన్నారు, రెండో కథని కూడా పట్టించుకోండి. ‘తిరుగు పిలుపు’ నిన్న చదివాను. చదవనివాళ్ల కోసం: చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ నిద్రపోయిన చాలా ఏళ్లకి, ఒక రాత్రి బెంగళూరు దగ్గర బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెన్నాకి ప్రజ్ఞాన్ నుంచి పిలుపు వస్తుంది. డ్యూటీలో ఒక్కతే ఉన్న అమ్మాయి దానికి జవాబివ్వాలా వద్దా అన్నదే కథ. చంద్రుడి దాకా సిగ్నల్ వెళ్లడానికి దాదాపు 1.3 సెకన్లు, రావడానికి అంతే. ఆ రెండున్నర సెకన్ల పైచిలుకు నిశ్శబ్దాన్ని మీరు రాసిన తీరుకి రెండు చేతులూ జోడిస్తున్నాను.

కానీ ఒక తప్పుంది. చిన్న తప్పు కాదు. ప్రజ్ఞాన్ నేరుగా భూమితో మాట్లాడలేదు. 26 కిలోల బండి అది. విక్రమ్ ల్యాండర్‌తో మాత్రమే మాట్లాడుతుంది. విక్రమ్ భూమికి చెప్తుంది. అది కుదరనప్పుడు పైన తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్ ద్వారా పంపే ఏర్పాటు కూడా చేశారు. కాబట్టి ప్రజ్ఞాన్ పిలుపు బ్యాలాలుకి రావడం అన్న మొదటి వాక్యం దగ్గరే కథ ఆగిపోతుంది.

#15 డల్లాస్_దమయంతి
అబ్బా, కథని కథలా చదవకూడదా? ఏ యాంటెన్నా ఎవరితో మాట్లాడితే ఏంటి, నాకు చివర్లో కళ్లు చెమర్చాయి. ఆ అమ్మాయి మైకు దగ్గరికి వంగి మళ్లీ వెనక్కి జరిగే చోటు చాలు నాకు.

#16 బ్యాలాలు_గాలి
నాకూ చెమర్చాయండీ. అందుకే చెప్తున్నా. పెళ్లి కథలో ముహూర్తం తప్పు రాస్తే మనం ఊరుకుంటామా? సైన్స్ ఫిక్షన్‌లో ఉన్న సైన్స్ కూడా అలాంటిదే. లేని యంత్రాన్ని ఎన్నయినా పుట్టించుకోండి, అది రచయిత హక్కు. ఉన్న యంత్రం, అందరూ టీవీ ముందు కూర్చుని చూసిన యంత్రం, 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి దిగిన యంత్రం, దాని గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టే రాయాలి.

#17 కోఠి_ఫుట్‌పాత్
ఆ సాయంత్రం మా గల్లీలో ఇరానీ హోటల్ టీవీ కింద నిలబడి చూశాను. దిగిందనగానే హోటల్ ఓనర్ అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాడు. ఈ థ్రెడ్‌కి సంబంధం లేదు, గుర్తొచ్చింది, చెప్పాలనిపించింది.

#18 తుంగభద్ర_ఒడ్డు
బ్యాలాలు_గాలి గారూ, మీరు చెప్పింది నిజం. రోవర్‌కి యాంటెన్నా ఉంటుందని తెలుసు, అది ఎవరి వైపు తిరిగి ఉంటుందో కనుక్కోలేదు. తప్పు పూర్తిగా నాదే. వెబ్ పత్రిక కాబట్టి మార్చుకునే వీలుంది. కానీ ఎలా మార్చాలో తోచడం లేదు. ప్రజ్ఞాన్ మాట్లాడకపోతే ఇక కథేముంది?

#19 బ్యాలాలు_గాలి
రాత్రంతా ఇదే ఆలోచించాను. నిజానికి మీ తప్పు సరిదిద్దితే కథ ఇంకా బలంగా వస్తుంది, చూడండి.

చంద్రుడి మీద పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు, రాత్రి కూడా అంతే. రాత్రి చలికి బ్యాటరీలు, ఎలక్ట్రానిక్స్ తట్టుకోవడం కష్టం. అందుకే సెప్టెంబర్ 2న ప్రజ్ఞాన్‌ని, 4న విక్రమ్‌ని నిద్రపుచ్చారు. నిద్రపుచ్చేటప్పుడు ఏం చేశారో తెలుసా? ప్రజ్ఞాన్ బ్యాటరీ నిండా చార్జ్ చేశారు. సెప్టెంబర్ 22న మళ్లీ పొద్దు పొడిస్తే మొదటి వెలుగు పడేలా సోలార్ పలకని తిప్పి ఉంచారు. రిసీవర్ ఆన్‌లో వదిలేశారు. నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు ఓరగా వేసినట్టు. 22న పిలిచారు. ఇద్దరూ పలకలేదు.

ఇప్పుడు ఇలా అనుకోండి. ప్రజ్ఞాన్ ఒక్కటే లేచింది. విక్రమ్ లేవలేదు. ప్రజ్ఞాన్‌కి తెలిసిన గొంతు విక్రమ్‌ది ఒక్కటే. అది పిలుస్తూనే ఉంటుంది, పొద్దున్న లేచి అమ్మని పిలిచినట్టు. ఆ పిలుపు భూమికి రాదు. బ్యాలాలులో అమ్మాయికి ఏమీ వినిపించదు. పాఠకుడికి మాత్రం తెలుసు.

#20 అర్ధరాత్రి_చదువరి
అన్నా ఇది రాత్రి ఒంటి గంటకి చదివించావు. నాకిప్పుడు నిద్ర పట్టదు.

#21 తుంగభద్ర_ఒడ్డు
పొద్దున్నే చదివాను. బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్కనామె ఏమైందమ్మా అని అడిగింది, ఏం చెప్పను. ఇదే రాస్తాను. మీ పేరు పెట్టి కృతజ్ఞతలు రాయనిస్తారా?

#22 బ్యాలాలు_గాలి
పేరొద్దండీ. ఈ హ్యాండిల్ పెట్టండి చాలు. ఇంకో సంగతి కూడా వాడుకోండి. విక్రమ్ మీద చిన్న అద్దాల అమరిక ఒకటుంది, నాసాది. దానికి కరెంటుతో పని లేదు. 2023 డిసెంబర్ 12న నాసా ఆర్బిటర్ ఒకటి పైనుంచి లేజర్ వేస్తే ఆ కాంతి తిరిగి వచ్చింది. అంటే మాట పోయినా విక్రమ్ తన మీద పడిన వెలుగుని వెనక్కి పంపుతూనే ఉంది. మీ కథ పేరు ‘తిరుగు పిలుపు’ కదా!

#23 సిరామరక
కథకి ఇంతకంటే మంచి చదువరి దొరకడు. మా కాలంలో తప్పు చెప్పాలంటే పోస్ట్‌కార్డు రాసేవాళ్లు. అది మూడు నెలలకి చేరేది, అప్పటికి కథ రాసినవాడే మర్చిపోయేవాడు.

#24 కోఠి_ఫుట్‌పాత్
సైన్స్ ఫిక్షన్, హారర్ అని ఇప్పుడు వేరు వేరు అరల్లో పెడుతున్నాం గానీ మా చిన్నప్పుడు రెండూ ఒకే పుస్తకంలోంచి వచ్చాయి. చందమామ. వెనక్కి వెనక్కి చూస్తూ చదివేవాళ్లం. అందులో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వచ్చిన ఆ జానపద సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాశారో తెలియకుండానే రెండు తరాలు భయపడ్డాయి, మురిసిపోయాయి. రచయిత పేరు లేకుండా కథ బతికింది, నిజమే. కానీ ఆయన పేరు ముందే తెలిసి ఉంటే నేను ఒక్క ఉత్తరమైనా రాసేవాణ్ణి. అందుకే ఈ అక్క తన కథలు వచ్చాయని చెప్పుకోవడం నాకు నచ్చింది. చెప్పుకోవాలి. ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు.

#25 డల్లాస్_దమయంతి
పారితోషికం ఇచ్చారా అండీ? అడగొచ్చో లేదో.

#26 తుంగభద్ర_ఒడ్డు
అడగొచ్చు. వెబ్ పత్రిక ఇవ్వదు, ముందే చెప్పారు, నాకు అభ్యంతరం లేదు. వారపత్రిక నుంచి చెక్కు ఇంకా రాలేదు.

#27 ప్రూఫు_పురుగు
బొమ్మ సంగతి చెప్పలేదు మీరు. ‘కడప’కి బొమ్మ ఏం వేశారు?

#28 తుంగభద్ర_ఒడ్డు
జుట్టు విరబోసుకున్న తెల్లచీర. వెనక మర్రిచెట్టు, పైన పున్నమి చంద్రుడు. నా కథ జరిగేది మే నెల మిట్టమధ్యాహ్నం. నీళ్లు దిగిన ఆ నేలలో చెట్టనేదే లేదు. ఒండ్రు బురద, నాపరాళ్లు, విరిగిన రోలు, అంతే. అసలు భయమంతా ఆ ఎండలోనే ఉంది. చీకట్లో భయపడటం ఎవరికైనా వచ్చు. కళ్లు మూసుకుపోయేంత వెలుగులో, మైళ్ల దూరం ఏమీ అడ్డు లేని చోట, నీకంటే ముందు ఎవరో వచ్చి వెళ్లారని తెలిస్తే?

#29 అర్ధరాత్రి_చదువరి
నేనింక పగలు కూడా చదవను.

#30 మంజీర_గట్టు
నాకొకటి తోస్తున్నది. రెండు కథలు పక్కపక్కన వెట్టి చూస్తె ఒక్కటే కథ. నీళ్లు దిగినంక కడప ఎదురుచూస్తది. రాత్రి పోయినంక బండి ఎదురుచూస్తది. వదిలిపెట్టి వచ్చిన దాని దగ్గరికి మనం మళ్ల పోవాల్నా, అది మనల్ని గుర్తువడ్తదా? గిదే గద అక్క నువ్వడిగేది?

#31 తుంగభద్ర_ఒడ్డు
ఈ మాట నాకు ఇప్పటిదాకా తట్టలేదన్నా. రెండూ వేరు వేరు నెలల్లో రాశాను. ఒకటి మా బంధువుల ఊరు చూసొచ్చాక, ఒకటి పేపర్లో ఒక చిన్న వార్త చదివాక. 2023 ఆగస్టు 26న విక్రమ్ మీదున్న ఇల్సా అనే పరికరం ఒక ప్రకంపన నమోదు చేసిందని ఇస్రో చెప్పింది. సహజమైనదే అనిపిస్తోంది, మూలం పరిశీలిస్తున్నాం అంది. ఆ ‘పరిశీలిస్తున్నాం’ అన్న మాట దగ్గర నా కథ మొదలైంది. కింద నుంచి ఎవరో తట్టినట్టు అనిపించింది.

#32 నల్లమల_నీడ
ఇన్ని రోజుల నుంచి చదువుతా ఉన్నా, ఏమీ రాయలేదు. మా అమ్మది మునిగిన ఊరే. ఆ నీళ్ల కింద వందకు పైగా ఊర్లు పోయినాయి, అందులో ఒకటి. 1981లో ఖాళీ చేసినారు. అమ్మకి అప్పుడు పదిహేనేళ్లు.

అమ్మ చెప్పేది. ఎద్దుల బండి మీద ఏమేమి తెచ్చుకోవచ్చో అన్నీ తెచ్చుకున్నారంట. దూలాలు పీకినారు, వాసాలు పీకినారు, తలుపులు, కిటికీలు, గవాచి మూత కూడా. గవాచి అంటే మిద్దెకి వెలుతురు కోసం పైన వదిలే కంత. మా తాత మిద్దె మీది చౌడు ఒక గోతాంలో పోసుకొచ్చినాడంట, కొత్తింటికి కొంచెమన్నా పాత మట్టి ఉండాలని. కడప రాయి ఒక్కటి రాలేదు. అది నేలలో పాతుకోని ఉండాది. గడ్డపారతో లేపబోతే మా జేజి వద్దని చెయ్యి పట్టుకున్నదంట. ఇల్లు ఎక్కడ ఉన్నిందో దానికన్నా గుర్తుండనీ అన్నదంట.

గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి తీసుకుపోయినారు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అట్లనే అలంపురంలో మళ్లీ కట్టినారు. సప్తనదుల దగ్గరి సంగమేశ్వరం మాత్రం ఆడనే ఉండాది, ఏటా మునుగుతాది, ఏటా తేలుతాది. వేపమొద్దు లింగం. నీళ్లు దిగినాక జనం పోతారు, మేమూ పోయినాం రెండుసార్లు. అక్కడి నుంచి అమ్మ నీళ్ల వైపు చెయ్యి చూపించి “మనిల్లు ఆ పక్క” అంటుంది. అంత నీటిలో ఆమెకెట్ల తెలుస్తాదో నాకు తెలీదు.

అక్కా, మీ కథ అమ్మకి చదివి వినిపించాలని ఉంది. అసలు ముగింపుతో పంపుతారా?

#33 తుంగభద్ర_ఒడ్డు
ఇప్పుడే పంపాను. అమ్మగారు ఏమన్నా సరే, బాగాలేదన్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

#34 సిరామరక
గవాచి మూత కూడా తెచ్చుకున్నారు, కడప ఒక్కటి వదిలేశారు. ఏం రాయమంటావమ్మా దీని మీద.

#35 కోఠి_ఫుట్‌పాత్
నల్లమల_నీడ గారూ, మీ అమ్మగారు చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. ఎవరూ అచ్చు వెయ్యకపోయినా సరే. ఊరి పేరు, వీధులు, ఎవరిల్లు ఎక్కడ, అన్నీ.

#36 తుంగభద్ర_ఒడ్డు
సంగతి చెప్పాలి. సిరామరక గారు చెప్పినట్టే నాలుగు వాక్యాల ఉత్తరం పంపాను. తొమ్మిదో రోజు ఆ పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. పేజీ మేకప్‌లో జరిగిందన్నారు. మాటలో మెత్తదనం ఉంది గానీ తప్పన్న మాట రాలేదు. అసలు ముగింపుని వచ్చే సంచికలో ఉత్తరాల పేజీలో వేస్తామన్నారు. ఇంకో కథ ఉంటే పంపమన్నారు.

#37 ప్రూఫు_పురుగు
పంపండి. కథ కింద ఒక లైను రాసి పంపండి: ముగింపు మార్చాల్సి వస్తే ముందుగా తెలియజేయగలరు. డెస్కులో కూర్చున్నవాడు ఆ లైను చూస్తే చెయ్యి ఆగుతుంది. నా చెయ్యి ఆగేది.

#38 డల్లాస్_దమయంతి
‘తిరుగు పిలుపు’ కొత్త రూపం చదివాను. ముందు నేనే వాదించాను కదా, ఏ యాంటెన్నా అయితే ఏంటని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రజ్ఞాన్ విక్రమ్ చుట్టూ తిరిగే ఆ పేజీ దగ్గర చదవడం ఆపి మా అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజామున నాలుగు. కంగారు పడింది పాపం.

#39 నల్లమల_నీడ
నిన్న రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుతురులో అమ్మకి ‘కడప’ చదివినా. మా ఆవిడ, పిల్లలు కూడా కూర్చున్నారు. చివరి వాక్యం చదివినాక ఎవరూ మాట్లాడలేదు. చిన్నోడు మాత్రం “పసుపు ఎవరు రాసినారు జేజీ?” అని అడిగినాడు.

అమ్మ కొంచెంసేపుండి, “మా లచ్చిమి రాసింటాది” అనింది.

లచ్చిమి అంటే మా పిన్ని. ఊరు ఖాళీ చేసే రెండేళ్ల ముందు జ్వరంతో పోయిందంట, తొమ్మిదేళ్ల పిల్ల. శుక్రవారం కడపకి పసుపు రాసే పని ఆ పిల్లదేనంట. నాకు నలభై దాటినాయి, నాకొక పిన్ని ఉన్నిందని నిన్ననే తెలిసింది.

అమ్మ భయపడలేదు. పిల్లలూ భయపడలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకోని, ఇంకొకసారి చదవమనింది.

#40 అర్ధరాత్రి_చదువరి
లైటు వేసుకుని చదివాను. తర్వాత లైటు ఆపేశాను, భయం వెయ్యలేదు.

#41 మంజీర_గట్టు
మా చెట్టు కాడి ముసలామె పేరు గూడ రాత్రి మా అన్నకు ఫోన్ చేసి అడిగిన. చెప్పిండు. రాసి పెట్టుకున్న.

#42 తుంగభద్ర_ఒడ్డు
నల్లమల_నీడ గారూ, మీ అమ్మగారికి నా దండం చెప్పండి. ఈ ఎండాకాలం నీళ్లు దిగాక ఆమె వెళ్తానంటే నేనూ వస్తాను. కర్నూలు నుంచి బండి మాట్లాడతాను. పసుపు, కుంకుమ నేను తెస్తాను.

#43 నల్లమల_నీడ
అమ్మ వస్తాననింది. చెంబు కూడా తెస్తారా అని అడుగుతా ఉంది. మా ఇత్తడి చెంబు అన్న వాళ్లింట్లో ఉండిపోయింది.